ఐపీ కాదు, ఐపీడీ

"బావా, నీ ఐపీడీ ఎంత?" అని డాలస్ నుంచి మా బామ్మర్ది వీడియో కాల్‌లో అడిగేసరికి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ ఉలిక్కిపడింది. "ఎవడ్రా ఐపీ పెట్టింది? మన చీటీలాయనేనా?" అంది. ఐపీ పెట్టడమంటే దివాలా తీయడం. గుంటూరులో ఆ రెండక్షరాలు చెవిన పడితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వాళ్ల డబ్బే.

సంగతేమిటంటే, పోయిన నెల వచ్చినప్పుడు వాడు మా అమ్మాయికి వీఆర్ హెడ్‌సెట్ తెచ్చిచ్చాడు. కళ్లకు గంతలు కట్టుకుంటే లోకమంతా కనిపిస్తుందట. నాకు మాత్రం అలుక్కుపోయిన అక్షరాలు కనిపించాయి, ఐదు నిమిషాల్లో కడుపులో తిప్పింది. "కంటిపాపల మధ్య దూరాన్ని బట్టి లోపలి అద్దాలు జరుపుకోవాలి బావా. ఆ దూరమే ఐపీడీ. పెద్దవాళ్లకు సగటున 63 మిల్లీమీటర్లుంటుంది. కొందరికి 54, కొందరికి 74. నీది కొలిచి చెప్పు" అన్నాడు.

నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. ఇన్నాళ్లలో నా ఛాతీ కొలిచారు, నడుము కొలిచారు, కళ్ల మధ్య ఖాళీ ఎంతుందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అద్దం ముందు నిలబడి, ముక్కు మీద స్కేలు ఆనించి, కుడికన్ను మూసి ఎడమ కంటిపాప కింద సున్నా పెట్టాలి. స్కేలు కదలకుండా ఇప్పుడు ఎడమకన్ను మూసి, కుడి కంటిపాప కింద ఏ గీత ఉందో చూడాలి. వినడానికి బాగానే ఉంది. నాకేమో ఒక కన్ను మూస్తే రెండోది కూడా మూసుకుంటుంది. కన్ను కొట్టే విద్య కాలేజీలో నేర్చుకోవాల్సింది, కానీ మా నాన్న అదే కాలేజీలో లెక్చరర్. చేత్తో కన్ను మూసుకుంటే స్కేలు జారుతోంది. పైగా మిల్లీమీటరు గీతలు కనబడాలంటే చత్వారం కళ్లజోడు కావాలి, అది పెట్టుకుంటే స్కేలుకు ముక్కు మీద చోటుండదు. మొదటిసారి 58 వచ్చింది, రెండోసారి 71. ఆ 58కి కారణం తర్వాత తెలిసింది. అమ్మాయి జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలుకు సున్నా అంచున ఉండదు, కాస్త లోపలికుంటుంది. నేను అంచు నుంచే మొదలెట్టాను. 71కి కారణం ఇప్పటికీ తెలియదు.

"ఇటు తిరగండి, నేను చూస్తాను" అని మా ఆవిడ మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. స్కేలు పెట్టి 60 అంది. నమ్మకం కుదరక మళ్లీ కొలవమన్నాను. ఈసారి 63. స్కేలు అదే, కొలిచిన మనిషీ అదే. తేడా అంతా నా చూపులోనే ఉందట. దగ్గరి వస్తువును చూస్తే కంటిపాపలు రెండూ కొంచెం లోపలికి తిరుగుతాయి, దూరంగా చూస్తే విడివడతాయి. మొదటిసారి ఆవిడ మొహం చూస్తున్నాను, రెండోసారి ఆవిడ భుజం మీదుగా గోడ మీది క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామిని. ఆయనకు ఈ బాధ లేదు. కళ్లు నామం చాటున ఉంటాయి కాబట్టి ఎవరూ కొలవరు.

"మూడు మిల్లీమీటర్లు దేవుడు లాగేశాడన్నమాట" అంది ఆవిడ. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో లేదో నాకు తెలియలేదు.

అప్పుడు మా అమ్మాయి రంగంలోకి దిగింది. "నాన్నా, కళ్లజోడు పెట్టుకుని దూరంగా చూడు. అద్దం మీద కంటిపాప ఎక్కడుందో అక్కడ చుక్క పెడతాను. తర్వాత చుక్కల మధ్య కొలిస్తే సరి" అంది. పద్ధతి మంచిదే, కళ్లజోళ్ల షాపుల్లోనూ అలాగే చుక్కలు పెడతారు. చుక్కలు రెండూ అద్దాల పైఅంచుకు ఆనుకుని పడ్డాయి. ఎందుకలా పడ్డాయని ఎవరం ఆలోచించలేదు. కొలవకముందే ఇంకో విషయం బయటపడింది. మార్కర్ పర్మినెంటు.

సబ్బుతో పోలేదు. కొబ్బరినూనెతో పోలేదు. శానిటైజర్ ఉంటే పోయేదట, కానీ కరోనా నాటి సీసాలన్నీ మా ఆవిడ కిందటి దీపావళి సర్దుడులో పారేసింది. చివరికి అమ్మాయి నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చింది. చుక్కలు క్షణంలో పోయాయి. చుక్కలతో పాటు చూపూ పోయింది. ప్లాస్టిక్ అద్దాలు సంక్రాంతి తెల్లవారుజామున మంచు పట్టిన బస్సు అద్దంలా తయారయ్యాయి.

మర్నాడు బ్రాడీపేటలో కళ్లజోళ్ల షాపుకెళ్లాను. ఆయన ఎదురుగా కూర్చుని జానెడు స్కేలు తీశాడు. "నా ఎడమ కన్ను చూడండి సార్... ఇప్పుడు కుడి కన్ను." పది సెకన్లు కూడా పట్టలేదు. ఆయనకు కన్ను కొట్టడం వచ్చు. "దూరానికి 63, దగ్గరికి 60" అని చీటీ మీద రాశాడు. అంటే మా ఆవిడ చెప్పిన రెండూ నిజమే. ఈ మాట ఇంట్లో చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను.

"ఒక మాట సార్. మీరు కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుంటున్నట్టున్నారు, అక్కడ మచ్చ పడింది. పైకి పెట్టుకోండి" అన్నాడాయన, 2,400 బిల్లు రాస్తూ.

ఇంటికొచ్చి అమ్మాయికి చీటీ ఇచ్చాను. హెడ్‌సెట్ లోపల చూస్తే మూడే మెట్లు: 58, 63, 68. డబ్బాలోంచి తీసిన రోజు నుంచీ అది మధ్య మెట్టు మీదే ఉంది.

"మరి నాకెందుకు అలుక్కుపోయిందే?"

"పెట్టుకో, చూద్దాం." పెట్టుకున్నాను. అది ఫక్కున నవ్వి, రెండు చేతులతో హెడ్‌సెట్‌ను రెండంగుళాలు పైకి నెట్టింది. ఒక్కో అక్షరం పంచాంగంలో తిథిలా స్పష్టంగా వచ్చి నిలబడింది.

"పేపరు చదివేటప్పుడు కళ్లజోడు ఎక్కడ పెట్టుకుంటావో, దీన్నీ అక్కడే పెట్టుకున్నావు నాన్నా!"

కొత్త కళ్లజోడు బుధవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా పొద్దున్నే పేపరు మా అమ్మ చదివి వినిపిస్తోంది. ఎవరెవరు ఐపీ పెట్టారో, ఆ వార్తలు ముందు.