నడుముకు పిస్తోలు: మాస్టారికీ డాక్టరుకీ మధ్య వాదం

వాదానికి తీసుకున్న అంశం ఇది: చట్టం అనుమతించిన చోట, మామూలు మనిషి ఆత్మరక్షణ కోసం చిన్న పిస్తోలు కొనుక్కుని రోజూ వెంట పెట్టుకుని తిరగడం మంచిదా, కాదా? ఒకవైపు తుపాకీ కాల్చడం నేర్పే మాస్టారు. మరోవైపు అత్యవసర విభాగంలో తూటా గాయాలకు చికిత్స చేసే డాక్టరు. ఇద్దరూ కల్పితులే, వాళ్ళు చెప్పే లెక్కలు మాత్రం కావు. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం అమెరికావి. నడుముకు తుపాకీ పెట్టుకుని తిరిగే అలవాటూ, దాని మంచిచెడ్డలు లెక్కగట్టే అలవాటూ రెండూ అక్కడే ఎక్కువ మరి.

మాస్టారు: డాక్టరుగారూ, ముందు ఒక్క మాట ఒప్పుకోండి. ఆపద ముంచుకొచ్చిన నిమిషంలో మనిషి ఒంటరివాడే. పోలీసులు ఎంత మంచివాళ్ళైనా కబురు అందాకే బయలుదేరతారు. వాళ్ళు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. అరవై దాటిన మనిషి మీదికి పాతికేళ్ళవాడు కత్తి తీసుకుని వస్తే ఆ పెద్దాయన పరుగెత్తలేడు, పెనుగులాడలేడు. అక్కడ బలాబలాలను సమం చేసేది పిస్తోలు ఒక్కటే.

డాక్టరు: ఒంటరివాడేనని ఒప్పుకున్నాను. కత్తి సంగతి మీరే ఎత్తారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. డెనిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు శిక్షకుడు 1983లో ఒక విషయం రాశాడు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని. మీ దగ్గర బాగా సాధన చేసినవాడు చొక్కా కింద దాచిన పిస్తోలు తీసి మొదటి తూటా కాల్చడానికి ఎంతసేపు పడుతుంది?

మాస్టారు: ఇంచుమించు అంతే. ఏం జరుగుతుందో చెబుతాను, వినండి. ఎడమచేత్తో చొక్కా అంచును గుప్పిట నిండా పట్టి ఛాతీ దాకా లాగాలి. అదే సమయంలో కుడిచేయి పిడిని బిగించి పట్టాలి. ఒరలో ఉండగా పట్టు ఎలా కుదిరితే చివరిదాకా అదే పట్టు, మధ్యలో సర్దుకునే వీలుండదు. చూపుడువేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన నిటారుగా ఉండాలి. పిస్తోలు పైకి వచ్చి ఎదుటివాడి వైపు తిరగాలి, ఛాతీ ముందు రెండో చేయి కలవాలి, చేతులు ముందుకు చాచాలి, గురి కుదరాలి, అప్పుడు వేలు లోపలికి వెళ్ళాలి. చొక్కా గుడ్డ పిడి కింద ఇరుక్కుందా, మళ్ళీ మొదటికే. అందుకే తియ్యడానికి ముందే పక్కకు జరగమంటాం. మధ్యలో బల్లో, కారో ఉండేలా చూసుకోమంటాం.

డాక్టరు: అంటే దూరం, కదలిక, ముందుచూపు. ఈ మూడూ ఉన్నవాళ్ళలో చాలామందికి తుపాకీ తీసే పనే పడదు. లేనివాడికి తీసే సమయం ఉండదు.

మాస్టారు: మాట బాగుంది, కానీ మధ్యలో మిగిలినవాళ్ళు ఉన్నారు. మూలకు నెట్టబడినవాడు, పక్కన పసిబిడ్డ ఉన్నవాడు ఎటు జరుగుతారు?

(ఇక్కడ మాస్టారిదే పైచేయి అని నాకనిపించింది. పారిపొమ్మనే సలహా కాళ్ళున్నవాళ్ళకే పనికొస్తుంది.)

డాక్టరు: సరే, కాల్చే అవసరం నిజంగానే వచ్చిందనుకుందాం. న్యూయార్కు పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ఉంది. ఎదుటివాడు కూడా కాల్చిన సందర్భాల్లో పోలీసుల తూటాల్లో 18 శాతమే తగిలాయి. ఉద్యోగరీత్యా శిక్షణ పొందినవాళ్ళ సంగతి ఇది. గుండె దడదడలాడుతుంటే చేతివేళ్ళ నేర్పు పోతుంది, చూపు ఇరుకైపోతుంది. మిగతా తూటాలు గాలిలో కరిగిపోవు మాస్టారూ. వాటిలో కొన్నింటిని మేమే బయటికి తీస్తాం, గొడవతో ఏ సంబంధమూ లేనివాళ్ళ ఒంట్లోంచి.

మాస్టారు: దానికి మందు సాధన. పైగా చిన్న పిస్తోలు కష్టమైనదని మొదటిరోజే చెబుతాను. మనుషులు పెద్దదాన్ని కొంటారు, వారం మోస్తారు, తర్వాత బీరువాలో పెట్టేస్తారు. అందుకే కంపెనీలు దాన్ని కుదిస్తూ వచ్చాయి. 1988లో గ్లాక్ 19 వచ్చింది, నాలుగంగుళాల గొట్టం, 15 తూటాల మ్యాగజైన్. 2018లో సిగ్ సావర్ వాళ్ళ పీ365 వచ్చింది, దాదాపు అరచేతిలో ఇమిడే దాంట్లో పది తూటాలు పట్టించారు. ఆ సుఖానికి మూల్యం ఉంది. పిడి పొట్టిది కాబట్టి చిటికెనవేలికి చోటు చాలదు. బరువు తక్కువ కాబట్టి పేలినప్పుడు ఎక్కువగా వెనక్కి తన్నుతుంది. గురి చూసే ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య దూరం తగ్గడంతో చెయ్యి కాస్త వణికినా తూటా దారి తప్పుతుంది. మణికట్టు వదులుగా పట్టినవాడి చేతిలో ఖాళీ తూటా గొట్టం బయటపడక పిస్తోలు మొరాయిస్తుంది కూడా. మొయ్యడానికి ఎంత తేలికో, కాల్చడానికి అంత మొండిది.

డాక్టరు: కొత్తవాడు కొనేది సరిగ్గా దాన్నే.

మాస్టారు: అవును. అది నా వృత్తిలోని దురదృష్టం. కానీ మీరు తూటా పేలిన సందర్భాలే లెక్కలోకి తీసుకుంటున్నారు. తుపాకీ కనబడగానే దుండగుడు వెనుదిరిగితే మీ ఆసుపత్రికి ఎవరూ రారు. గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్స్ అనే నేరశాస్త్ర పరిశోధకులు 1995లో ప్రచురించిన సర్వే ప్రకారం అమెరికాలో ఏడాదికి దాదాపు 25 లక్షలసార్లు జనం తుపాకీతో తమను తాము కాపాడుకున్నారు.

డాక్టరు: అక్కడి ప్రభుత్వం నేర బాధితులను నేరుగా అడిగి చేసే సర్వేలో ఆ సంఖ్య లక్ష చుట్టుపక్కలే తేలుతూ వచ్చింది. వేల ఇళ్ళకు ఫోను చేసి, అవునన్న కొద్దిమందిని దేశమంతటికీ హెచ్చిస్తే, అందులో నలుగురు గొప్పలు చెప్పినా లెక్క లక్షల్లో ఉబ్బుతుంది.

మాస్టారు: చట్టం తమ మీదికి వస్తుందని భయపడేవాళ్ళు సర్కారు మనిషికి నిజం చెబుతారా?

(ఒకరు 25 లక్షలంటారు, మరొకరు లక్షంటారు. ఇంత ఎడమున్న లెక్కలను ఏ పక్షమూ సాక్ష్యంగా నిలబెట్టకూడదని నా అభిప్రాయం. ఇద్దరూ నిలబెడుతూనే ఉంటారు.)

డాక్టరు: ఆ లెక్క వదిలేద్దాం. మీరు మాట్లాడేదంతా దుండగుడు ఎదురైన ఆ కొన్ని సెకన్ల గురించి. నా బాధంతా దుండగుడు లేని సమయం గురించి. పిస్తోలు వెంట ఉంటుంది. భార్యతో పోట్లాడినప్పుడూ, ఉద్యోగం పోయినప్పుడూ, నిద్రపట్టని రాత్రీ ఉంటుంది. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా జనాభా రికార్డులు తీసుకుని చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. పిస్తోలు లేని మగవాళ్ళతో పోలిస్తే ఉన్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకోవడం ఎనిమిది రెట్లు ఎక్కువ. ఆడవాళ్ళలో 35 రెట్లు.

మాస్టారు: చావాలనుకున్నవాడు అందుకోసమే కొని ఉండవచ్చు కదా? రోగం ముందా, మందు ముందా?

డాక్టరు: మంచి ప్రశ్న, వాళ్ళూ వేసుకున్నారు. కొన్న కొత్తలో ముప్పు అన్నిటికన్నా ఎక్కువన్నది నిజమే. కానీ అలా పోయినవాళ్ళలో సగానికి పైగా కొన్న ఏడాది దాటాకే పోయారు. అంటే కొన్నది ఆత్మరక్షణకే కావచ్చు. చీకటిరోజు తర్వాత వచ్చింది, అప్పటికి అది చేతికందే దూరంలో ఉంది. ఆ ఆలోచన చాలామందిలో గంటల్లో తగ్గిపోతుంది మాస్టారూ. ప్రయత్నం చేసి బతికినవాళ్ళలో పదిలో తొమ్మిదిమంది ఆ తర్వాత అలా చనిపోరు. తుపాకీ విషయంలోనే ఆ రెండో అవకాశం దాదాపు దొరకదు. ఇజ్రాయెల్ సైన్యం సంగతి చూడండి. వారాంతపు శెలవుకు ఇంటికెళ్ళే సైనికులు తుపాకీ వెంట తీసుకెళ్ళే పద్ధతిని 2006లో మానిపించారు. ఆత్మహత్యల రేటు 40 శాతం తగ్గింది. తగ్గింది వారాంతాల్లో. మామూలు రోజుల్లో పెద్ద మార్పు లేదు. మనుషులు మారలేదు, బాధలు మారలేదు, తుపాకీ మాత్రం బ్యారక్‌లో ఉండిపోయింది.

మాస్టారు: ... ఆ మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు. ఉన్నట్టు నటించను. మా వాళ్ళలో కొంతమంది ఇప్పుడు ఒక పని చేస్తున్నారు. మనసు బాగాలేని రోజుల్లో పిస్తోలును నమ్మకమైన మిత్రుడి దగ్గర పెట్టి రమ్మంటున్నారు. మేం మాట్లాడుకోవలసిన విషయమే, సిగ్గుపడి దాటేస్తాం.

డాక్టరు: మీరంటే నాకు గౌరవం పెరిగింది. ఇంట్లో పిల్లలుంటే ఏం చెబుతారు?

మాస్టారు: రెండే చోట్లు. ఒంటి మీద, లేదా తాళం వేసిన పెట్టెలో. దిండు కింద కాదు, అలమరా పైన కాదు. పైనుంటే పిల్లలకు అందదనేది పిల్లల్ని పెంచనివాళ్ళ నమ్మకం.

డాక్టరు: చెప్పడం తేలిక. మరుగుదొడ్డికి వెళితే? తుపాకీ తేకూడదని రాసి ఉన్న కార్యాలయానికి వెళితే? అప్పుడది కారు డ్యాష్‌బోర్డు అరలోకి వెళుతుంది. కారు అద్దం పగులుతుంది, ఆత్మరక్షణకు కొన్న పిస్తోలు దొంగ చేతికి వెళుతుంది.

మాస్టారు: కారుకు బోల్టులతో బిగించే ఇనప్పెట్టెలున్నాయి. అసలు ఎక్కువ ప్రమాదం తియ్యడంలో కాదు, తిరిగి ఒరలో పెట్టడంలో. అక్కడ తొందర అక్కర్లేదు, అయినా తొందరపడతారు. చొక్కా అంచో, దారం ముడో ట్రిగ్గర్ మీదికి చేరుతుంది, తొడలోకి పేలుతుంది. అందుకే ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర లేకపోతే నా తరగతిలోకి రానివ్వను. చూసి, నెమ్మదిగా పెట్టమంటాను.

డాక్టరు: ఆ తొడ గాయం నాకు పరిచయమే. పెద్ద ధమని తెగితే నిమిషాలే ఉంటాయి.

మాస్టారు: ఇప్పుడు నా ప్రశ్న. ఆడవాళ్ళకేం చెబుతారు? ఎనభై కిలోల మగవాడు మీద పడితే యాభై కిలోల మనిషికి ధైర్యవచనాలు సరిపోతాయా?

డాక్టరు: సరిపోవు. కానీ మీద పడేది ఎవరు? ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో దాదాపు 89 వేలమంది ఆడవాళ్ళు, బాలికలు హత్యకు గురయ్యారు. వారిలో 55 శాతాన్ని చంపింది భర్తో, ప్రియుడో, ఇంట్లోవాళ్ళో. ఆ మనిషికి పిస్తోలు ఎక్కడుంటుందో తెలుసు. పెట్టె తాళం అంకెలూ తెలుసు.

మాస్టారు: వేరుపడి ఒంటరిగా బతుకుతూ, వాడు వస్తానని బెదిరిస్తుంటే? కోర్టు ఇచ్చిన కాగితం తలుపు దగ్గర వాడిని ఆపదు.

డాక్టరు: ఆమె విషయంలో మీతో గట్టిగా వాదించను. ఆమెకు పేరున్న, ముఖమున్న ముప్పు ఉంది. నా వాదం మిగతావాళ్ళతో. పార్కింగు చోటు కోసం కీచులాటలో, హారను కొట్టాడన్న కోపంలో ఎదుటివాడి ప్రాణాలు తీసేవాళ్ళతో. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చేవాళ్ళతో.

మాస్టారు: తుపాకీ ఉన్నవాడు మిగతావాళ్ళకన్నా ఎక్కువ మాటలు పడాలి. ఎవడైనా తిడితే చేతులు జోడించి కదిలిపోవాలి. వేలు చూపించినవాడికి వేలు చూపించే హక్కు ఆ రోజుకు వదులుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. గొడవ తను మొదలుపెట్టినవాడికి ఆత్మరక్షణ వాదం కోర్టులో నిలవడం చాలా కష్టం. బెదిరింపు అప్పుడే, అక్కడే ఉండాలి, ప్రాణాపాయమై ఉండాలి, వెనుదిరిగిన దొంగను కాలిస్తే అది హత్యే అవుతుంది. మందు తాగిన రోజు పిస్తోలు తాళంలోనే ఉండాలి.

డాక్టరు: అలాంటి సాధువులు మీ తరగతిలో ఎంతమంది?

మాస్టారు: చేరేటప్పుడు తక్కువే. కొందరు అవుతారు. రెండో వారానికి రాకుండా మానేసేవాళ్ళే ఎక్కువ. పిస్తోలు మాత్రం అప్పటికే కొనేసి ఉంటారు.

డాక్టరు: మీ దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న చేర్చగలరా? "మీతో పాటు ఇంట్లో ఎవరుంటారు, ఈ ఏడాది వాళ్ళలో ఎవరైనా బతకాలని లేదన్నారా?"

మాస్టారు: అడిగితే సగం మంది ఫారం నింపకుండా లేచి వెళ్ళిపోతారు.

డాక్టరు: వెళ్ళనివ్వండి.

మాస్టారు: వెళ్ళి ఊరుకోరు డాక్టరుగారూ. ఏ ప్రశ్నా అడగనివాడి దగ్గర నేర్చుకుంటారు, లేదా అసలు నేర్చుకోరు. నా గదిలో ఉన్నంతసేపైనా వాళ్ళ వేలు ట్రిగ్గర్ బయట ఉంటుంది.

డాక్టరు: ప్రశ్న ఫారంలో వద్దు, మీరే నోటితో అడగండి. మొదటిరోజు కాదు, కాస్త చనువు వచ్చాక.

మాస్టారు: మూడో తరగతిలో అడుగుతాను. ఒరలో తిరిగి పెట్టడం నేర్పేది ఆ రోజే.