విరాళాలు సరే, పేటెంటు సంగతి ఎవరు అడుగుతారు?

"పసిబిడ్డకి 16 కోట్ల ఇంజెక్షన్ కావాలి, సాయం చేయండి" అని పోస్టు కనబడితే మనవాళ్లు వందో వెయ్యో పంపిస్తారు. పంపాలి కూడా. కానీ అంత ధర పెట్టే ధైర్యం కంపెనీకి ఏ చట్టం ఇచ్చిందని ఎవరూ అడగరు, నాకు మండేది అక్కడే.

ఆ ఇంజెక్షన్ స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అనే, కండరాలు బలహీనపడిపోయే జన్యు జబ్బుకి. అదే జబ్బుకి తాగే మందు ఒకటుంది, రిస్డిప్లామ్. రోష్ కంపెనీది సీసా 6 లక్షల పైమాటే. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనరిక్ (అదే మందు చవగ్గా) తెస్తానంటే, పేటెంటు నాదని రోష్ కోర్టుకెళ్లింది. 2025లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి, తర్వాత డివిజన్ బెంచ్ నాట్కోని ఆపుతూ స్టే ఇవ్వలేదు, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. నాట్కో సీసా 15,900 రూపాయలకి మార్కెట్లో పెట్టింది. చట్టం ఎటు మొగ్గితే ధర అటు పోతుందని చెప్పడానికి ఇంకేం కావాలి?

కోర్టుల దాకా పోకుండానే దారి ఉంది. పేటెంట్ల చట్టం సెక్షన్ 84 ప్రకారం, మందు జనానికి అందే ధరలో లేకపోతే ఇంకో కంపెనీకి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసే అనుమతి, ప్రభుత్వం ఇవ్వొచ్చు. 2012లో కాన్సర్ మందు నెక్సావర్‌కి ఇచ్చారు, అదీ నాట్కోకే. పేటెంటున్న బేయర్ కంపెనీ నెలకి సుమారు 2.8 లక్షలకి అమ్ముతున్నది 8,880కి వచ్చింది. మరి పరిశోధన ఖర్చుల సంగతేంటని బాధపడేవాళ్లకి చెప్తున్నా, బేయర్‌కి అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ కూడా కట్టమన్నారు, తర్వాత దాన్ని 7 చేశారు. ఆ తర్వాత ఇలాంటి లైసెన్స్ ఇంకొకటి రాలేదు! హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా షుగర్ మందుకి అడిగితే 2016లో కొట్టేశారు. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో జనం ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతున్నప్పుడు, ఈ అధికారాలు ఎందుకు వాడరని సుప్రీంకోర్టే కేంద్రాన్ని అడిగింది, అయినా వాడలేదు.

బాధేంటంటే, బయట మనమే ముందుండి కొట్లాడాం. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వాలు ఈ లైసెన్సులు ఇవ్వొచ్చని 2001లోనే దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. కోవిడ్ టీకాలు, మందుల మీద పేటెంట్లు పక్కన పెట్టండని 2020 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాతో కలిసి అడిగింది మన దేశమే. ధనిక దేశాలు నాన్చి నాన్చి 2022 జూన్‌లో ఒక్క టీకాలకి మాత్రం, అదీ అరకొరగా ఒప్పుకున్నాయి. అలా అడిగిన మనమే 2025లో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకుని, మందులు అందాలంటే కంపెనీలు ఇష్టపూర్వకంగా ఇచ్చే లైసెన్సులే మేలైన మార్గమని సంతకం పెట్టాం. ఇష్టపూర్వకంగా ఇచ్చేవాళ్లయితే రోష్ సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్తుంది?

విరాళం పంపిన ప్రతిసారీ మీ ఎంపీకి కూడా ఒక మెసేజ్ పెట్టండి. సెక్షన్ 84 కింద రెండో లైసెన్స్ ఎప్పుడిస్తారు, బ్రిటన్ ఒప్పందంలో ఆ మాటకి ఎందుకు ఒప్పుకున్నారు అని పార్లమెంటులో అడగమనండి.