షేడ్ కార్డు గారికి బహిరంగ లేఖ

గోడ రంగుల నమూనాలు చూపే మహారాజశ్రీ షేడ్ కార్డు గారి సముఖమునకు, కోనసీమలో పుట్టీ ఆరిన గోడల యజమాని నమస్కరించి వ్రాయు విన్నపము.

తాము మా ఇంట అడుగుపెట్టిన నాటి నుండి మా కుటుంబం ఐవరీ వర్గంగాను, ఆఫ్ వైట్ వర్గంగాను చీలిపోయింది. తపాలా బిళ్లంతటి మీ గళ్లను పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి పసుపు వైపుకు, రెండవది బూడిద వైపుకు మొగ్గినట్లు తోచడం నిజమే గాని, ఏదో ఒకదానిని విడిగా చూపి పేరు చెప్పమంటే ఇరువర్గాల నాయకులూ నీళ్లు నమిలారు. కన్ను ఏ రంగునైనా పక్కనున్న రంగును బట్టే పోల్చుకుంటుంది. ఆ పక్కన తాము తళతళలాడే తెల్ల కాగితాన్ని అమర్చారు.

గోడ వెలుతురును ఎంతమేరకు తిప్పి పంపుతుందో 0 నుండి 100 వరకు లెక్కగట్టే కొలమానం ఒకటున్నది. అందులో ఇటువంటి జంటలు తరచుగా ఇంచుమించు ఒకే మెట్టు మీద నిలుస్తాయి కనుక, ఐవరీ వేస్తే గది విశాలమవుతుందన్న మా బావగారి వాదన నిలవదు (ఈ మాట ఆయన ఎదుట అనలేను).

అసలు చిక్కు మా కిటికీ దగ్గరున్నది. అవతల కొబ్బరి తోట, దాని నీడన అరటి, ఆపైన పంట కాలువ ఉండగా, మధ్యాహ్నపు ఎండ ఆకుల మీద పడి లోనికి వచ్చేసరికే కొంత ఆకుపచ్చను వెంటబెట్టుకు వస్తుంది; ఆ వెలుతురులో మీ ఆఫ్ వైట్ నాచు ఛాయకు దిగిపోతుంది. దుకాణంలో 6500 కెల్విన్ (నీలి ఛాయ తెలుపు వెలుతురు) ట్యూబు లైటు కింద మర్యాదగా కనిపించిన ఐవరీ, రాత్రి మా హాలులోని 2700 కెల్విన్ (పసుపు వెలుతురు) బల్బు కింద వెన్న పూసినట్లుంటుంది. ఇక 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీరు పుష్కలంగా ఇంకుతున్న ఈ నేలలో, గోడ అడుగుభాగం చెమ్మ పీల్చి ఉప్పు పూస్తే ఏర్పడే మూడవ రంగు తమ పుటలలో ఎక్కడా లేదు.

కావున తాము పక్కకు తప్పుకొని, రెండు రంగులూ చిన్న డబ్బాలలో ఇప్పించవలెను. వేర్వేరు అట్టల మీద రెండేసి పూతలు వేసి, పూర్తిగా ఆరిన తరువాత పగలూ రాత్రీ చూసుకుంటాము. తీర్పు వచ్చేవరకు ఆగలేక రంగుల మేస్త్రీ గారు ఎదురింటి పనికి వెళ్లిపోయారు. అక్కడ సున్నం వేయమన్నారట.

ఇట్లు,
ప్రైమరు దగ్గరే ఆగిన ఒక గృహస్థుడు