పాము గారి గృహప్రవేశం

తిరుపతిలో బ్యాచిలర్‌కి ఇల్లు దొరకదు, నీసు తినేవాడికి దొరకదు, కుక్క ఉన్నోడికి గేటు కూడా తియ్యరు, అద్దె ఇంటికి చెప్పులరిగేలా తిరిగిన ఎవురికైనా ఇది తెలిసిందే. కానీ పాముకి దొరికింది సామీ. అదీ మంగళం రోడ్డు వైపు, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లో, తూర్పు ముఖం, కరెంటు పోతే ఇన్వర్టరు. ఓనరు ఆధార్ అడగలా, పది నెలల అడ్వాన్సు అడగలా, "మీరేమిట్లు?" అని సాగదీసి కులం కూడా అడగలా.

మా రెండో ఫ్లోర్ పిల్లోడు సాఫ్ట్‌వేరు, ఇంటి నుంచే పని. మంచోడే, మెట్ల మీద ఎదురైతే తిన్నారా అన్నా అంటాడు. రీళ్ళు చూసీ చూసీ వానికి పాముని పెంచాలని బుద్ధి పుట్టింది. బాల్ పైథానంట, పడమటి ఆఫ్రికా, మధ్య ఆఫ్రికా వైపుది, కొండచిలువల్లో పొట్టి రకం, మామూలుగా మూడు నుంచి అయిదు అడుగులు, విషం లేదు, భయమేస్తే తల లోపల దాచుకోని బంతిలా చుట్టుకుంటాది. పేరు రాకీ. ఆడదా మగదా అంటే "ఇంకా కన్ఫర్మ్ కాలేదన్నా" అన్నాడు. ఇంతవరకూ నాకేం బాధ లేదు, వాని జీతం వాని పాము. నా ఒళ్ళు మండింది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడిన ఇన్విటేషన్ చూసి. గాజు పెట్టెకి గృహప్రవేశమంట. తిథి, వారం, నక్షత్రం, లగ్నం అన్నీ వేసి, కింద "మీ రాకే మాకు ఆనందం, అనంతరం అల్పాహారం". అల్పాహారం ఎవరికో రాయలా, అదొక అనుమానం.

ముందు వాస్తు. పిల్లోని వాళ్ళమ్మ పట్టుబట్టి పిలిపించింది, పామైనా పురుగైనా ఇల్లు ఇల్లే కదా నాయనా అని ఆమె లాజిక్కు, కాదనలేం. ఆయనొచ్చి టేపు తీసి కొలతలు రాసుకోని, దిక్సూచి పెట్టె మీద పెట్టి కాసేపు కళ్ళు మూసుకోని, వేడి ల్యాంపు ఆగ్నేయం అన్నాడు. నీళ్ళ గిన్నె ఈశాన్యం. దాక్కునే గూడు, అంటే మాస్టర్ బెడ్రూం, నైరుతి. గాలి జాలీ వాయవ్యం. బ్రహ్మస్థానం, అంటే నట్టనడుమ, ఖాళీగా వదలాల, కానీ అక్కడ పిల్లోడు అప్పటికే ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ పుర్రె పెట్టేసినాడు, దాని నోట్లోంచి పొగ వస్తాది, రిమోటుంది. తీసెయ్ నాయనా అంటే "థీమ్ పోతాదండీ" అన్నాడు. చివరికి పుర్రెకి బొట్టు పెట్టి రాజీ పడినారు. తర్వాత తలుపు దక్షిణానికి ఉందని ఇంకో గొడవ, దక్షిణం సింహద్వారం యజమానికి మంచిది కాదంట, యజమాని అంటే ఈఎంఐ కట్టేవాడా లోపల పడుకునేదా అని నేనడిగితే ఎవురూ నా వైపు చూడలా. నలుగురు పట్టుకోని పెట్టెని తూర్పుకి తిప్పినారు. తూర్పున బాల్కనీ. పొద్దున్నే ఎండ నేరుగా గాజు మీద పడతాది, లోపలున్నది ఉడికిపోతాది, ఆ హాల్లో అంతమందికి ఒక్కరికి తట్టలా. తూర్పు కుదిరింది, చాలు.

ఇంక సంకల్పం. అయ్యగారు గోత్రం అడిగినారు. పిల్లోడు తన గోత్రం చెప్పబోతే, నీది కాదబ్బా, ఇంట్లో ఉండబోయేవారిది అన్నారు. అందరం తెల్లమొహాలు. తెలియనోళ్ళకి కశ్యప గోత్రం చెప్పుకోవచ్చు అని ఆయనే తేల్చినారు. నాగులంతా కద్రువకీ కశ్యపుడికీ పుట్టినోళ్ళే కదా, ఆ పొద్దు మొత్తం మీద తప్పు లేకుండా జరిగిన పని అదొక్కటే. నక్షత్రం ఆశ్లేష అనుకున్నారు, దాని దేవతలు సర్పాలే, అదీ ఓకే. ఆవు ముందు లోపలికి రావాల, ఆవు లిఫ్టులో పట్టదు, షోకేసులో ఉన్న కర్ర ఆవుబొమ్మని తెచ్చి పెట్టెలో కుడికాలు ముందు పెట్టించి తిప్పినారు. పాలు పొంగించడం ఆగ్నేయంలోనే కావాలంట, చిన్న గిన్నెలో పోసి వేడి మ్యాటు మీద పెట్టినారు, అది 33 డిగ్రీలకి సెట్ చేసిన మ్యాటు, ఆ వేడికి పాలు తోడుకుంటాయి గానీ పొంగుతాయా, కూర్చున్నాం కూర్చున్నాం, ముహూర్తం పోతా ఉందని ఎవురో కిచెన్లో గ్యాసు మీద పొంగించుకొచ్చి కుమ్మరించినారు. ఆ పాలు రాకీ మూతి దగ్గర పెట్టబోతే పిల్లోడు "పాలు తాగదత్తా" అన్నాడు. అత్త నవ్వేసింది. "నాగుల చవితికి పుట్టలో మేం పోసేది ఎవురు తాగుతారు మరి, మీ తాతా?"

బ్లూటూత్ స్పీకర్లో నాదస్వరం, గుప్పెడు సాంబ్రాణి, గాలి జాలీకి సరిగ్గా అడ్డంగా దిష్టి గుమ్మడికాయ. ఇంటాయన రాకీ మాత్రం నైరుతి మూలకి పొయ్యి చుట్టుకోని తల లోపలికి పెట్టేసుకునింది. "ఎంత శాంతంగా ఉందో చూడు, ఇల్లు నచ్చింది దానికి" అన్నారు ఆడోళ్ళు. భయంతో చస్తా ఉంది తల్లీ అది! కవర్లు కూడా పడినాయి, నూట పదహార్లు, పైన "చి. రాకీకి ఆశీస్సులతో".

అసోసియేషన్ సెక్రటరీ గారిని కూడా పొగడాల ఇక్కడ. ఫ్రిజ్జు తెరిచినప్పుడు బఠాణీ ప్యాకెట్ పక్కన గడ్డకట్టిన ఎలకలు కనిపించినాయి ఆయనకి. "బైలా ప్రకారం బిల్డింగ్‌లో మాంసం వండకూడదు" అన్నాడు. "వండను సార్, వేడి నీళ్ళలో పెట్టి కరిగించి అట్టే ఇచ్చేస్తా" అన్నాడు పిల్లోడు. సెక్రటరీ ఫోన్లో బైలా తీసి మళ్ళీ చదువుకోని, వండటం అనే ఉంది కాబట్టి అభ్యంతరం లేదు అన్నాడు. కింద ఫ్లోర్లో ఆమ్లెట్ వాసనకి ఒక కాపురాన్నే ఖాళీ చేయించిన మహానుభావుడు ఈయనే.

ఇంత హంగామాలో ఆ జీవానికి ఏం కావాలో అడిగినోడు లేడు. పెద్దదయ్యాక దానికి నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె ఉండాల, వీడు కొన్నది రెండడుగుల చేపల తొట్టి, చుట్టూ రంగులు మారే ఎల్‌ఈడీ. ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, ఇంకో చివర 25, 26, ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అదే పాక్కుంటా పోతాది. రెండు చివర్లా రెండు గూళ్ళు, ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకుగా, వీడు పెట్టింది ఒకటే, అదీ నైరుతి కదా. వేడి మ్యాటుకి థర్మోస్టాట్ లేకపోతే పొట్ట కాలిపోతాది. తేమ అరవై శాతం దాకా, తాళం పడే తలుపు, కొత్తగా తెచ్చినాక వారం పాటు ముట్టుకోకూడదు, తిన్నాక రెండ్రోజులు ఎత్తకూడదు. బెదిరితే నెలల తరబడి తిండి మానేస్తాది. ఇవన్నీ వేడి పెంచడానికి తంటాలు పడే చలి దేశాలోళ్ళు రాసి పెట్టినవి, మే నెలలో మన హాల్లోనే 38 ఉంటే థర్మోస్టాట్ ఏం చేస్తాది, మ్యాటు ఆపేస్తాది అంతే, చల్లబరచదు కదా. ఏసీ ఎవురు వేస్తారు, పిల్లోడు ఊరికి పోయినప్పుడు? ఇంకా తమాషా, దాని సొంతూర్లో అది కాపురముండేది ఎలక బొరియల్లో, చెదల పుట్టల్లో. పుట్ట కావాలబ్బా దానికి, పొగ కక్కే పుర్రె కాదు.

యాడ తెచ్చినావు నాయనా అంటే "చెన్నై పార్టీ అన్నా, జెన్యూన్". చెన్నై ఎయిర్‌పోర్టులో 2023 ఏప్రిల్లో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒకామె లగేజీలో 22 పాములు దొరికినాయి, డబ్బాల్లో కుక్కి. అట్టాంటి పార్టీలే అందరూ, జెన్యూనే. ఇట్టాంటి విదేశీ జంతువుల్ని ఇంట్లో పెట్టుకున్నోళ్ళు ప్రభుత్వానికి చెప్పుకోని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకోవాలని 2022లో వన్యప్రాణి చట్టం మార్చి 2024 ఫిబ్రవరిలో రూల్స్ కూడా ఇచ్చినారు. పేపర్లేవి అంటే తెల్ల కాయితం మీద బాల్‌పెన్నుతో రాసిన బిల్లు చూపించినాడు, అందులో "ఫ్యాన్సీ ఐటెం - 1" అని ఉంది.

సరే, ఇంతవరకూ నవ్వుకున్నాం. కార్తీకంలో ఏం జరిగిందో వినండి.

మా పక్క ఖాళీ ప్లాటులో ఒక పుట్ట ఉండేది. నాగుల చవితికి మా బిల్డింగ్ ఆడోళ్ళంతా తలంట్లు పోసుకోని పొయ్యి చలిమిడి, చిమ్మిలి పెట్టి పాలు పోసొచ్చినారు. ఆ వారం తిరక్కుండానే ప్లాటు ఓనరు జేసీబీ తెచ్చి పుట్టని చదును చేసేసినాడు, కొత్త బ్లాకు కడతాడంట. అదే రాత్రి వాన. పొద్దున కార్ పార్కింగ్‌లో జెర్రిపోతు, ఆరడుగులుంటాది, స్కూటర్ చక్రం వెనక ముడుచుకోని పడి ఉంది. విషం లేదు దానికి. మా సంపులో ఎలకల్ని తినిపెట్టేది అదే. వద్దురా, ఫారెస్టోళ్ళకి ఫోన్ చేద్దాం, పాములు పట్టేవాళ్ళొస్తారు అని నేను మెట్ల మీంచి అరస్తానే ఉండా. రాకీని మెళ్ళో వేసుకోని సెల్ఫీ దిగినోళ్ళే, ఆ చేతులే, కర్రలు పట్టుకోని కొట్టి చంపినారు. చచ్చినాక కూడా కొట్టినారు. దాన్ని చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరంరా అంటే "అయితే పోయి కేసు పెట్టుకో పో అంకుల్" అన్నాడొకడు. మళ్ళీ దోషం తగులుతాదని నలుగురు కార్లేసుకోని శ్రీకాళహస్తికి పొయ్యి రాహుకేతు పూజ చేయించుకోని వచ్చినారు! ఆ గుళ్ళో కొలువున్న కథే పాముది కదరా, సాలీడుతో ఏనుగుతో పాటు మోక్షం ఇచ్చినాడు దానికి సామి, మీరు దానికి పార్కింగ్‌లో రెండు గంటలు చోటియ్యలేకపోయినారే! బ్రహ్మోత్సవాల్లో మొదటి రోజు పెద్దశేష వాహనం, రెండో రోజు చిన్నశేష వాహనం, గ్యాలరీలో గంటల తరబడి కూర్చోని గోవిందా గోవిందా అని చేతులెత్తేది మీరే. మీరు ఎక్కే కొండ ఆదిశేషుడంటారు. రాయైతే మొక్కుతారు, వెండిదైతే హుండీలో వేస్తారు, గాజులో ఉంటే ఫోటో తీస్తారు, నేల మీద పాకితే చంపుతారు. సిగ్గుండాల.

ఇప్పుడు కొత్త ముచ్చట. పిల్లోడికి ఆన్‌సైట్ వచ్చింది, రెండేళ్ళు టెక్సాస్. బాల్ పైథాన్ సరిగ్గా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతాది, ఆ సంగతి రీల్లో చెప్పలేదంట. "రాకీని ఎవరైనా అడాప్ట్ చేసుకుంటారా, సెటప్ ఫ్రీ" అని గ్రూపులో పెట్టినాడు. ఆశీస్సులిచ్చిన వాళ్ళంతా చూసినారు, నీలం టిక్కులు పడినాయి, ఒక్క జవాబు లేదు. సాయంత్రానికి ట్రెజరర్ ఒక ఐడియా వేసినాడు, ఆదివారం మా బ్యాచ్ తలకోనకి పోతాంది, బిర్యానీ డబ్బాలతో పాటు కార్లో తీసుకుపొయ్యి జలపాతం కాడ వదిలేస్తాం, అడవి తల్లి ఒడికి చేరుస్తాం అని. దానికి మాత్రం వరసగా దండాలు, పూలు, గుండెకాయలు. ఆఫ్రికా పాముని శేషాచలం అడవిలో వదలడమేందయ్యా, దాని రోగాలు అడవికి, అడవి ఆకలి దానికి, ఫారెస్టు ఆఫీసుకి చెప్పి అప్పజెప్పండి అని నేను పెట్టినా.

సెక్రటరీ గారు వెంటనే జవాబిచ్చినారు. "ఫారెస్టు వాళ్ళొస్తే పేపర్లు అడుగుతారు కదండీ. బిల్డింగ్ పేరు పోతుంది. తలకోనే బెస్టు."