హార్డ్ డిస్కు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హార్డ్ డిస్కు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. తమరు కులాసాగానే ఉన్నారు, లోపల్నుంచి కరకరలు వినబడుతూనే ఉన్నాయి. నా సంగతే బాగాలేదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ బటన్ నొక్కి, స్నానం చేసి, బట్టలు ఆరేసి వచ్చినా తమరింకా ఆ చుక్కల్ని గుండ్రంగా తిప్పుతూనే ఉంటారు.

ఇన్నాళ్లూ అత్తెవరో తెలియక దుత్తను చితక్కొట్టాను. 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనుల సామాను పెట్టుకునే మెమరీ) చిన్నవాడు, మోయలేకపోతున్నాడనుకుని పక్కన ఇంకో 4 జీబీ కొని పెట్టాను. (మొదట పాత తరం ర్యామ్ డీడీఆర్3 తెచ్చి డీడీఆర్4 స్లాటులో తోయబోతే గాడి కలవక తిరిగిచ్చేసిన ముచ్చట మనలోనే ఉండనివ్వండి.) ఫలితం లేకపోలేదు. బ్రౌజరులో వెనక్కి వెళ్తే పాత ట్యాబు మళ్లీ మొదటినుంచి లోడవడం మానింది. కానీ పొద్దున లేవడం మాత్రం అదే లేవడం.

అప్పుడు తెరిచాను, ఎవరెంత పనిచేస్తున్నారో చూపే టాస్క్ మేనేజర్. ప్రాసెసరు ఖాళీగా గోళ్లు గిల్లుకుంటోంది. మెమరీ సగమే నిండింది. తమరు 100 శాతం! అబ్బో ఎంత శ్రమో అని పక్కన చూస్తే, చదువుతున్నది సెకనుకు ఒక్క ఎంబీ కూడా లేదు.

తమ తప్పు కాదులెండి, ఒంటి తీరే అంత. లోపలి పళ్లెం నిమిషానికి 5400 చుట్లు అంటే చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చదివే తల దగ్గరికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అంతకుముందు ఆ తలను మోసే చెయ్యి అక్కడిదాకా జరగాలి. ఈ లెక్కన సెకనుకు వంద ముక్కలు అందిస్తే గొప్ప. సినిమా లాంటి ఒకే పెద్ద ఫైలైతే తమరు వరసగా సెకనుకు 100 ఎంబీ లాగేస్తారు, కాదనను. విండోస్ లేస్తూ అడిగేవి మాత్రం వేలాది చిన్న ఫైళ్లు, తలో మూలా. ఎస్ఎస్‌డీ అనే చిప్పుల డిస్కుకి పళ్లెమూ లేదు, చెయ్యీ లేదు. సెకనుకు వేలకు వేలు ఇచ్చేస్తుంది.

అయినా తమ 100 శాతం చూడగానే తీర్పు చెప్పడం అన్యాయమే. ర్యామ్ నిండిపోతే విండోస్ ఆ మిగులు సామానంతా పేజ్ ఫైల్ పేరుతో తెచ్చి తమ గుమ్మంలోనే పడేస్తుంది. మెమరీ కూడా 90 దాటి ఉంటే నేరం ఇద్దరిదీ. ముందే ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే తమ ఊసే ఉండదు, నేరుగా ర్యామ్‌నే పెంచుకోవాలి. ర్యామ్‌ను బోర్డుకే అతికించి, వేరే స్లాటూ ఇవ్వకుండా పంపినవాళ్ల ల్యాప్‌టాప్‌లో అసలు ర్యామ్ పెంచే పంచాయితీయే లేదు.

నా దాంట్లో ముద్దాయి తమరొక్కరే. అందుచేత 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వచ్చేసింది. తమ కొలతే, తమ కనెక్టరే, రేపట్నుంచి తమ కుర్చీలోనే. తమకు యూఎస్‌బీ డబ్బాలో విశ్రాంతి, పాత ఫొటోల కాపలా. ఈ రాత్రికి చార్జి అప్పగించగలరు.

ఇట్లు,
తమ పాత నిరీక్షకుడు

తా.క.: క్లోనింగ్, అంటే తమలో ఉన్నదంతా ఎస్ఎస్‌డీలోకి నకలు తీయడం, మొదలుపెట్టాను. ఇంకా 4 గంటలు పడుతుందట. ఆఖరి పని కూడా తమ పద్ధతిలోనే కానిస్తున్నారు.