వెన్నంతా నెయ్యి కాచేయకండి

చెన్నైలో మన తెలుగిళ్ళలో మీగడ పోగుచేసి వెన్న తీసేవాళ్ళు ఇప్పటికీ బాగానే ఉన్నారు. కానీ తీసిన వెన్న తీసినట్టే పొయ్యెక్కి నెయ్యయిపోతుంది. కంచంలోకి వెన్నగా వచ్చేది ఏ కృష్ణాష్టమికో! ఇది నాకు బొత్తిగా నచ్చదు. నెయ్యి గొప్పదే, కాదనను. కానీ తోడేసిన మీగడ నుంచి వచ్చే ఆ కమ్మటి పులుపు కాచాక మిగలదు. తీసినదాంట్లో నాలుగో వంతైనా వెన్నగానే వాడి చూడండి.

ఈ ఊళ్ళో వెన్న సరిగ్గా పడదంటారు. దాదాపు ఎప్పుడూ కారణం వేడే. ముందు పాల సంగతి: 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలు కొనండి. 3 శాతం టోన్డ్ పాల మీగడతో డబ్బా నిండేలోపు అడుగున ఉన్నది చేదెక్కుతుంది. కాచి చల్లార్చిన పాలను రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచి, పొద్దున మీగడ తీసి ఫ్రీజర్‌లో దాచండి. పది రోజులకు మించి వద్దు. అర లీటరు మీగడ పోగయ్యాక గది వేడికి తెచ్చి, రెండు చెంచాల కమ్మటి పెరుగుతో తోడు పెట్టండి. ఎండాకాలం నాలుగైదు గంటలు చాలు.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. తోడుకున్న మీగడను మళ్ళీ రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. చిలికేటప్పుడు అది 12 నుంచి 14 డిగ్రీల్లో ఉండాలి. వేడిగా ఉంటే వెన్న పూసకట్టదు, జిడ్డుగా గిన్నెకంటుకుంటుంది, కొవ్వు చాలావరకు మజ్జిగలోకే పోతుంది. మరీ చల్లగా ఉంటే ఎంత చిలికినా నురగే; అప్పుడు పావు గ్లాసు మామూలు నీళ్ళు పోయండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఏకధాటిగా తిప్పితే మిక్సీ జార్ వేడెక్కుతుంది. ఆవగింజంత పూసలు కనబడగానే ఆపేయాలి.

కడగడంలో బద్ధకం అస్సలు పనికిరాదు. ఐస్ నీళ్ళతో మూడు నాలుగుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా పులిసి వాసనొస్తుంది. చెక్క గరిటెతో నొక్కి నీరు పిండేయాలి, లేకపోతే పెనం మీద చిమ్ముతుంది. వంద గ్రాములకు పావు చెంచా ఉప్పు కలిపితే రుచి, నిల్వ రెండూ పెరుగుతాయి. ఫ్రిజ్‌లో వారం, చిన్న ముద్దలుగా ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది.

ఇక వాడకం. వెన్నతో పోపు పెట్టకండి. అందులోని పాల అంశం 150 డిగ్రీలు దాటితే మాడి చేదవుతుంది, ఆవాలు చిటపటలాడటానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. పోపు నూనెలో వేసి, పప్పు దించాక అర చెంచా వెన్న కలపండి. దోసెకీ అంతే: పెనానికి నూనె రాసి, పిండి ఆరాక మధ్యస్థం మంట మీద అంచుల వెంట వెన్న వేయండి. ముందే వేస్తే నల్లమచ్చలు పడతాయి. వేడన్నంలో గోంగూర పచ్చడికీ, జొన్నరొట్టె మీదకీ మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నే కావాలి, సగం కరిగీ కరగకుండా ఉన్నప్పుడే దాని రుచి. కొవ్వని బెదిరిపోయేవాళ్ళకో లెక్క: ఐదు గ్రాముల వెన్నలో సుమారు 36 కేలరీలు, అంతే నెయ్యిలో 45. డాక్టరు తగ్గించమన్నవాళ్ళు తగ్గించాల్సిందే, అది వేరే మాట.

ఇక్కడి దుకాణాల్లో దొరికే బటర్ మురుకులు ఇంట్లో చేసేవాళ్ళు కరిగించిన వెన్న పోయకండి. రెండు కప్పుల బియ్యప్పిండి, అర కప్పు పుట్నాల పిండిలో రెండు పెద్ద చెంచాల మెత్తటి వెన్న వేసి, నీళ్ళు పోయకముందే వేళ్ళతో బాగా రుద్దండి. వెన్న ఎక్కువైతే మురుకులు నూనెలో విడిపోతాయి, తక్కువైతే పళ్ళకు గట్టిగా తగులుతాయి.

ఇంట్లో తీసే తీరిక లేనివాళ్ళు ఆవిన్ (తమిళనాడు పాల సహకార సంస్థ) వాళ్ళ ఉప్పు లేని వంట వెన్న తెచ్చుకోవచ్చు. ఏది కొన్నా డబ్బా మీద సన్న అక్షరాలు చదవండి. మన దేశ నిబంధనల ప్రకారం టేబుల్ బటర్‌లో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలి. ‘ఫ్యాట్ స్ప్రెడ్’ అని ఉంటే అది వెన్న కాదు. కొవ్వు 40 శాతమే ఉండొచ్చు, అదీ వంట నూనెల నుంచి వచ్చినదై ఉండొచ్చు. మిగతా చాలావరకు నీరే కాబట్టి దోసె కరకరలాడదు.