సవరణ: ఒక డిగ్రీ రేఖాంశం అన్నిచోట్లా 111 కిలోమీటర్లు కాదు

అక్షాంశ రేఖాంశాల గురించి ఇంతకుముందు పెట్టిన టపాలో "అక్షాంశమైనా, రేఖాంశమైనా ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు" అని రాశాను. అది తప్పు. ఆ లెక్క అక్షాంశానికే సరిపోతుంది.

రేఖాంశ రేఖలన్నీ ధ్రువాల వద్ద కలుస్తాయి. అందుకే భూమధ్యరేఖపై 111.3 కిలోమీటర్లున్న ఒక డిగ్రీ ఎడం 30 డిగ్రీల అక్షాంశం వద్ద సుమారు 96.5కు, 60 డిగ్రీల వద్ద 55.8కు తగ్గి, ధ్రువం చేరేసరికి సున్నా అవుతుంది. భూమధ్యరేఖ మీది దూరాన్ని ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో గుణిస్తే దాదాపు సరైన విలువ వస్తుంది.

నిజానికి అక్షాంశపు డిగ్రీ కూడా అన్నిచోట్లా ఒకటే కాదు: భూమధ్యరేఖ దగ్గర 110.6, ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లు. ధ్రువాల వద్ద భూమి కాస్త చదును కాబట్టి తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ వంపు తక్కువైన చోట ఒక డిగ్రీ మారడానికి ఎక్కువ దూరం వెళ్లాలి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న లాప్‌లాండ్‌కూ, భూమధ్యరేఖ మీదున్న నేటి ఈక్వడార్ ప్రాంతానికీ వెళ్లి, ఎంతో శ్రమపడి కొలిచి తేల్చింది ఇదే.

ఈ అంకెలు భూమాపన గ్రంథాల్లోని పట్టికల నుంచి తీసుకున్నవి. జీపీఎస్ వాడే, భూమి ఆకారాన్నీ కొలతలనూ నిర్వచించే డబ్ల్యూజీఎస్ 84 ప్రమాణానికి సరిపోతాయి. పాత టపా చూసి తూర్పు పడమర దూరాలు లెక్కగట్టినవారు దయచేసి మళ్లీ సరిచూసుకోండి.